సీలో లూప్స్: కొత్తవాళ్లకు ముందు వైల్ చెప్పాలా, ఫర్ చెప్పాలా?

ఫస్ట్ ఇయర్ విద్యార్థి:
అందరికీ నమస్తే. మాకు సీ ప్రోగ్రామింగ్ క్లాసులో లూప్స్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వైల్, ఫర్ లాంటివి, నేరుగా ఫర్‌తోనే మొదలుపెట్టారు, మూడో రోజుకే స్టార్ ప్యాటర్న్‌లు ఇచ్చేశారు. బ్రాకెట్లలో మూడు ముక్కలుంటాయని బట్టీ పట్టాను గానీ ఏది ఎప్పుడు నడుస్తుందో అర్థం కావడం లేదు. నిన్న ల్యాబ్‌లో 1 నుంచి 10 వరకు ప్రింట్ చేయమంటే నాకు 11 ఒక్కటే వచ్చింది, ఎర్రర్ కూడా లేదు, చాలా టెన్షన్ పడ్డాను. ముందు వైల్ నేర్చుకోవాల్సిందని రూమ్మేట్ అంటాడు, ఫర్ ఒక్కటి వస్తే చాలని సీనియర్ అంటాడు. ఎవరి మాట వినాలి?

లెక్చరర్:
బాబూ, ముందు నీ 11 సంగతి. ఫర్ బ్రాకెట్ మూయగానే సెమికోలన్ పెట్టేసి ఉంటావు, చూసుకో. అప్పుడు లూప్ చేయాల్సిన పని ఆ ఖాళీ సెమికోలనే. అంకెలు లెక్కపెట్టే ఐ 11 అయ్యేదాకా ఊరికే తిరిగి, బయటికొచ్చాక ప్రింట్ చేసే ప్రింటెఫ్ లైన్ ఒక్కసారే నడిచింది.

ఇక అసలు ప్రశ్నకొస్తే, నేను వైల్ వైపే. వైల్‌లో ఐ ఎక్కడ మొదలైంది, షరతు ఎక్కడ చూశాం, ఎక్కడ పెంచాం అన్నది నడిచే వరుసలోనే పైనుంచి కిందికి కనబడుతుంది. ఫర్‌లో ఐని ఒకటి పెంచే ఐ ప్లస్ ప్లస్‌ని మొదటి లైన్లోనే రాస్తాం, అది నడిచేది మాత్రం లోపలి పనంతా అయ్యాక. పిల్లలు తడబడేది అక్కడే. సీ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీ, కెర్నిహన్‌తో కలిసి 1978లో తెచ్చిన పుస్తకంలో కూడా 0 నుంచి 300 వరకు ఇరవై ఇరవై చొప్పున టెంపరేచర్ పట్టికను ముందు వైల్‌తో చూపించి, తర్వాత అదే పట్టికను ఫర్‌తో రాశారు.

కోచింగ్‌లో సీ చెప్పే ఆయన:
సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. వైల్ ముందు చెప్తే సగంమంది ఐ పెంచడం మర్చిపోతారు, స్క్రీన్ నిండా ఒకటే అంకె పరుగెడుతుంది, కంట్రోల్ సీ కొట్టి ఆపడం కూడా వాళ్లకు తెలియదు. ఫర్‌లో మూడూ ఒకే లైన్లో ఉంటాయి కాబట్టి ఒకటి మర్చిపోతే ఖాళీ కళ్లకు కనబడుతుంది. ఇంకోటి, 5 వదిలేసి మిగతావి ప్రింట్ చేయాలనుకోండి. ఐ 5 అయితే కంటిన్యూ అని రాస్తాం, అంటే ఈ తిరుగుడులో మిగతాది వదిలేసి తర్వాతిదానికి వెళ్లమని. ఫర్‌లో కంటిన్యూ కొడితే ఐ ప్లస్ ప్లస్ దగ్గరికి వెళ్తుంది, బాగానే నడుస్తుంది. వైల్ చివర్లో ఐ పెంచేవాడికి మాత్రం 1, 2, 3, 4 వచ్చి ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది, ఎందుకంటే పెంచే లైన్ దాకా అది వెళ్లనే వెళ్లదు, ఐ ఎప్పటికీ 5 దగ్గరే ఉంటుంది. మొదటి వారంలోనే కుర్రాడికి ఇలాంటి దెబ్బ తగిలితే సీ అంటేనే భయం పట్టుకుంటుంది.

లెక్చరర్:
ఆ 4 దగ్గర ఆగిపోవడం నేను కావాలనే చూపిస్తానండి. నోట్‌బుక్‌లో ఐ, షరతు, ప్రింట్ అని మూడు గళ్లు గీయించి, ఒక్కో తిరుగుడుకీ ఒక్కో వరుస రాయిస్తాను. ఐదో వరుస, ఆరో వరుస, ఏడో వరుస ఒకేలా వచ్చేసరికి పెన్ను ఆపి వాళ్లే తలెత్తి చూస్తారు. ఆ తర్వాత ఫర్ ఎందుకు పుట్టిందో నేను చెప్పాల్సిన పని ఉండదు.

ఉద్యోగి:
కుండ నిండేదాకా నీళ్లు పోయి అంటే వైల్, ఐదు చెంబులు పోయి అంటే ఫర్. లెక్క ముందే తెలుసా లేదా, అంతే తేడా. ముందు పని చేసి చివర్లో షరతు చూసే మూడో లూప్ డూ వైల్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదు, నాకు అది బాధ. ఇచ్చిన నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్‌ని, 0 కానంతవరకు పదితో భాగించు అని వైల్‌తో రాసి, 0 ఇచ్చి చూడండి. సున్నా అంకెలు అంటుంది. డూ వైల్ ఒక్కసారైనా లోపలికి వెళ్తుంది కాబట్టి ఒకటి అని సరిగ్గా చెప్తుంది.

ఫస్ట్ ఇయర్ విద్యార్థి:
సార్, సెమికోలన్ ఉంది, నిజమే! తీసేసి, మీరు చెప్పినట్టు గళ్లు గీసి రాశాను, 11 వరుసలు వచ్చాయి. చివరి వరుసలో ఐ 11, షరతు తప్పు, ప్రింట్ గడి ఖాళీ. లూప్ అయిపోయాక ఐ 10 దగ్గర ఉంటుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌ని వైల్‌తో రాస్తున్నా, 5 వదిలేసేది కూడా.