స్థానం వారి సత్యభామలో అంత ఆకర్షణ ఎక్కడిది? అందమా, గొంతా, ఇంకేదైనానా?

తెనాలి పాతకాపు:
ఇంకో థ్రెడ్‌లో ఎవరో, ఆడవేషాలకి పేరుపడ్డ పాత రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ ఫొటో పెట్టారు. దాని కింద కామెంట్లు చదివితే ఒళ్ళు మండింది. "దవడ చూడండి, ఈయనేం సత్యభామ" అని ఒకాయన, "అప్పట్లో జనానికి వేరే గతి లేక చూశారు" అని ఇంకొకాయన. అక్కడ గొడవెందుకని ఇక్కడ రాస్తున్నా.

ఫొటోలో అందం వెతికితే దొరక్కపోవచ్చు. పాట సంగతా, కపిలవాయి రామనాథశాస్త్రి, ఈలపాట రఘురామయ్య లాంటి వాళ్ళు ఊళ్ళేలుతున్న రోజులవి, వాళ్ళని మించి పాడాడని ఆయన అభిమానినైన నేను కూడా అనను. మరి 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడే రోజు చంద్రమతి వేషధారి రాకపోతే హడావిడిగా చీర కట్టిన కుర్రాడు, తెనాలి రామవిలాస సభ అనే నాటక సమాజం దాకా వచ్చి, సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, దేవదేవి, రోషనార ఇన్ని వేషాలు నిలబెట్టి 1956లో పద్మశ్రీ ఎలా అందుకున్నాడు?

నాకు తోచింది ఇది. ఆయన ఆడమనిషిలా కనపడటం మీద ఆధారపడలేదు. సత్యభామ పొగరు కనపడేలా చేశాడు. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో 'మీరజాలగలడా' (కృష్ణుడు నా మాట దాటగలడా అని) పల్లవి తిరిగి ఎత్తుకున్నప్పుడల్లా అభినయం మారిపోయేదని చూసినవాళ్ళు చెప్పేవారు. మా నాన్న అయితే చేసి చూపించేవాడు. ఒకసారి మొగుడు నా కొంగున ఉన్నాడన్న ధీమా, ఇంకోసారి రుక్మిణి మీద ఎత్తిపొడుపు, మరోసారి అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోవడం, ఆఖర్న "నిజంగానే దాటడు కదా" అని లోపల చిన్న దడ. మాటలు అవే, రాగం అదే. కనుబొమ, మెడ, చేతివేళ్ళు మాత్రం మారతాయి. అందమైన మనిషికి ఇంత కష్టపడాల్సిన అవసరం ఉండదు. ఈయనకి ఉంది, అందుకే ఇంత దూరం వెళ్ళాడు.

చిలకలూరిపేట చిన్నోడు:
నిజం సార్. ఆడవాళ్ళు కూడా అలా చెయ్యలేరు 🔥

టైటిల్ కార్డు:
ఒక చిన్న సవరణ. తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావు గారిది. కానీ 'మీరజాలగలడా' పాట స్థానం వారు స్వయంగా రాసుకున్నది. 1966 తులాభారం సినిమాలో జమున మీద సుశీల గారు పాడింది అదే పాట. అందరూ కలిపేసి రాస్తుంటారు కాబట్టి చెబుతున్నా.

తెనాలి పాతకాపు:
నేనెక్కడ కలిపాను బాబూ? రచయిత ఊసే ఎత్తలేదు.

టైటిల్ కార్డు:
ఎత్తలేదు, అదే సమస్య. తన నటనకి ఎక్కడ చోటు కావాలో తెలిసి తనే పాట రాసుకున్న మనిషి ఆయన. మీ వాదనకి బలమిచ్చే పాయింటు వదిలేశారు.

హార్మోనియం పెట్టె:
పాతకాపు గారూ, పాటని అంత తేలిగ్గా తీసిపారెయ్యకండి. మీరు వినేది 78 ఆర్‌పీఎం ప్లేటు. ఒక వైపుకి మూడు నిమిషాలు, గడియారం చూసుకుంటూ పాడాలి. రంగస్థలం మీద అదే పాట ఎంతసేపు సాగుతుందో పాడేవాడి ఇష్టం, జనం ఇష్టం. మైకులు లేని చోట చివర చాపల మీద కూర్చున్న వాళ్ళకి వినపడాలంటే పెద్ద శృతిలో పాడాలి, పాడుతూ సత్యభామ వయ్యారం పోకూడదు. గొంతు నరాలు ఉబ్బుతుంటే మొహం మీద నవ్వు నిలపడం ఎంత కష్టమో నాలాగా పెట్టె ముందు కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది. నేను వాయించిన కృష్ణుల్లో సగం మందికి రాగం ఎత్తుకోగానే మొహం వంకర పోయేది, అయినా జనం వన్స్ మోర్ అనేవాళ్ళు. స్థానం వారు పాటని నటన కింద తొక్కిపెట్టలేదు, రెండూ కలిపి నడిపాడు. అదీ ఆకర్షణ.

నటి మనవరాలు:
చిన్నోడు గారి కామెంట్ ఎవరూ పట్టించుకోలేదేం? "ఆడవాళ్ళు కూడా అలా చెయ్యలేరు." స్థానం గారి మీద ఎక్కడ చర్చ జరిగినా ఈ ముక్క రాకుండా ఉండదు. ఆయన గొప్పవాడు, సరే. ఆయన్ని పొగడాలంటే మమ్మల్ని కింద పెట్టాలా?

తెనాలి పాతకాపు:
అమ్మా, ఆ మాట నేను అనలేదు. ఆ రోజుల్లో కుటుంబ స్త్రీలని రంగస్థలం మీదికి పంపేవాళ్ళు కాదు కాబట్టి మగవాళ్ళు కట్టారు. అది చరిత్ర. మరాఠీ వాళ్ళకి బాలగంధర్వ ఉన్నాడు, ఆయన వేదిక మీద చీర కట్టిన తీరు చూసి ఇంటి ఆడవాళ్ళు అలా కట్టుకున్నారని చెబుతారు. దాంట్లో ఎవర్నీ కించపరచడం లేదు.

నటి మనవరాలు:
అనలేదు, లైకు కొట్టారు. నా స్క్రీన్ మీద కనపడుతోంది.

ఇక "పంపేవాళ్ళు కాదు" అంటారా. సురభి నాటక కుటుంబాల వాళ్ళు 1885లో మొదలుపెట్టారు. వాళ్ళ ఆడవేషాలు వాళ్ళ ఆడవాళ్ళే కట్టారు. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన కమలాబాయి అక్కడినుంచే వచ్చింది. సురభి మొదలైనప్పటికి స్థానం గారు పుట్టనే లేదు. వేరే గతి ఉంది, పెద్ద సమాజాల వాళ్ళు వద్దనుకున్నారు.

నైజాం పోరడు:
మా దిక్కు చిందు భాగోతం సూడుర్రి. చిందుల ఎల్లమ్మ పేరు ఇన్నరా? నిజామాబాద్ జిల్లా. ఆడమనిషే మొగ వేషాలు గూడ కట్టింది. ఆమె గురించి ఇంత పెద్ద థ్రెడ్ ఎవ్వలు పెట్టరు.

డల్లాస్ శాస్త్రి:
సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే. తెర మీదుగా జడ వేసినప్పుడు సభంతా నిశ్శబ్దం. ఎవరూ ఆయన పేరెత్తకపోవడం ఆశ్చర్యం.

టైటిల్ కార్డు:
అది కూచిపూడి భామాకలాపం శాస్త్రి గారూ. ఇది తులాభారం. సత్యభామ ఒకరే గానీ నాటకం వేరు, పాట వేరు.

తెనాలి పాతకాపు:
మనవరాలు గారూ, సురభిది కుటుంబ నాటకం. తండ్రి, తల్లి, కోడలు అందరూ ఒకే గుడారంలో బతికే వాళ్ళు. వాళ్ళకి వీలయింది బాపట్లలో, తెనాలిలో ఉద్యోగాలు చేసుకుంటూ సమాజం నడిపిన వాళ్ళకి వీలవ్వాలని లేదు. దీన్ని పట్టుకుని స్థానం వారి మీద కోపం ఎందుకు తల్లీ?

నటి మనవరాలు:
తల్లీ గిల్లీ అనకండి. నాకు నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు.

వీలవ్వలేదంటారా, బళ్ళారి రాఘవ గారికి ఎలా వీలయింది? వృత్తికి వకీలు. మగవాళ్ళు ఆడవేషం కట్టడం తప్పని మొహం మీదే చెప్పి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటి నటీమణుల్ని తన పక్కన నిలబెట్టి ఆడాడు. ఆయన పోయిందే 1946లో. స్థానం గారి మంచి రోజుల్లోనే ఇదంతా నడిచింది.

హార్మోనియం పెట్టె:
రాఘవ గారి పేరు తెచ్చారు కాబట్టి చెప్పక తప్పదు. ఆయనకి పద్యం రాగం తీసి పాడటం కూడా గిట్టేది కాదు. ఆయన మాట వింటే ముందు నా పెట్టె మూసి అటక మీద పెట్టాలి, తరవాత మొత్తం పద్యనాటకమే పోతుంది. ఒక ముక్కలో ఆయన్ని ఒప్పుకుని ఇంకో ముక్కలో వదిలేస్తారా? మా నాన్నా నేనూ తిన్న అన్నం ఆ రాగాలదే.

నటి మనవరాలు:
నేను రాగం గురించి మాట్లాడానా? నేను మనుషుల గురించి మాట్లాడుతుంటే మీకు శృతి తప్ప ఏమీ వినపడదా!

చిలకలూరిపేట చిన్నోడు:
నేను సరదాగా అన్నా మేడం. ఇంత సీరియస్ అవుతుందనుకోలేదు.

తెనాలి పాతకాపు:
సీరియస్సే. కళ గురించి అడిగితే ప్రతిదాన్నీ ఆడా మగా చేస్తే ఇక చర్చేముంది? ఇవాళ ఏ పేరున్న నటిని తెచ్చినా ఆ పల్లవి అన్ని రకాలుగా చెయ్యమనండి చూద్దాం. చెయ్యలేరు. ఇప్పుడు నేనే అంటున్నా, రాసుకోండి.

నటి మనవరాలు:
ఇదిగో, బయటపడ్డారు. ఇంతసేపూ "నేను అనలేదు, నేను అనలేదు."

మా అమ్మమ్మ కాంట్రాక్టు నాటకాల్లో చంద్రమతి, చింతామణి, సత్యభామ వేసేది. కాంట్రాక్టు అంటే తెలియని వాళ్ళకి: ఒక ఊరి జాతరకి కాంట్రాక్టరు ఇద్దరు కృష్ణుల్ని, ముగ్గురు అర్జునుల్ని వేర్వేరు ఊళ్ళ నుంచి మాట్లాడుకొస్తాడు, రిహార్సల్ ఉండదు, ఎవరి పద్యం వాళ్ళదే. కృష్ణులకి పెద్దింట్లో భోజనం, పరుపులు. అమ్మమ్మకి పెరటి వైపు పంచలో ఆకేసేవాళ్ళు. మొహానికి రంగు వేసుకోవడానికి గొడ్ల చావిడి. చీర మార్చుకుంటుంటే చూరులోంచి తొంగిచూసే వెధవలు. డబ్బు ఆఖర్న ఇచ్చేవాళ్ళు, అదీ తగ్గించి. తెల్లవారుజామున కాటిసీను, చంద్రమతి ఏడుపు మొదలయ్యేసరికి సగం ఊరు నిద్రలో ఉంటే మిగిలిన సగం ఈలలు. ఆమె పల్లవి ఎన్ని రకాలుగా చేసిందో ఎవరు చూశారు? చూడటానికి వచ్చినవాళ్ళు దేనికోసం వచ్చారో ఆమెకి తెలుసు. స్థానం గారు చిత్రాంగి వేసి సవతి కొడుకు మీద మోహం చూపిస్తే "ఆహా, ఏం నటన" అన్నారు. మా అమ్మమ్మ అదే చిత్రాంగి వేస్తే "అది నటన కాదులే, దాని బుద్ధే అంత" అన్నారు. ఒకే పాత్ర. మగవాడు చేస్తే విద్య, ఆడది చేస్తే నడత. మీరడిగిన ఆకర్షణలో ఇది కూడా కలిసి ఉంది పాతకాపు గారూ. చూసేవాడికి భయం లేదు, తప్పు చేస్తున్నానన్న బెరుకు లేదు. చీర లోపల మగవాడున్నాడని తెలుసు కాబట్టి పెళ్ళాం పక్కన కూర్చుని కూడా ధైర్యంగా చూడొచ్చు.

నైజాం పోరడు:
దండం అక్కా.

తెనాలి పాతకాపు:
రాత్రి కోపంలో ఏదో రాసి చెరిపేశాను. ఇప్పుడు రాస్తున్నా.

"చీర లోపల మగవాడున్నాడని తెలుసు కాబట్టి ధైర్యం" అన్నారు. ఆ మగవాడి సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? మా నాన్న మా ఊరి సమాజంలో ఆడవేషాలు కట్టాడు. స్థానం వారిని చూసి పిచ్చెక్కి మొదలుపెట్టాడు. మీసం పెంచడానికి లేదు, జుట్టు కత్తిరించడానికి లేదు. చద్ది మూట పట్టుకుని పొలం పోతుంటే వెనకనుంచి "ఏమే సత్యా" అని పిలుపులు. ఆయనకి నాలుగు సంబంధాలు తప్పిపోయాక మా అమ్మ దొరికింది, ఆమె పుట్టింటివాళ్ళు చివరిదాకా మా గడప తొక్కలేదు. బళ్ళో నన్ను "సత్యభామ కొడుకు" అనేవాళ్ళు. పద్మశ్రీ వచ్చింది స్థానం వారికి, మా నాన్నకి కాదు. ఆయన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పటం ఆ ఫొటో. ఇప్పుడు దాని కింద ఎవడో "దవడ చూడండి" అంటే నాకెలా ఉంటుంది? నేను అడిగింది ఆ దవడతో మనిషి అంతమందిని ఎలా కూర్చోబెట్టాడని. మీరు దాన్ని మీ అమ్మమ్మకి పోటీ చేశారు.

నటి మనవరాలు:
మీ నాన్నగారి మాట చదివి బాధ కలిగింది, నిజంగానే. కానీ పోటీ పెట్టింది నేను కాదు. "ఏ పేరున్న నటిని తెచ్చినా చెయ్యలేరు, రాసుకోండి" అన్నది ఎవరు? మీ నాన్నని ఎగతాళి చేసినవాడూ మా అమ్మమ్మకి ఈల వేసినవాడూ ఒకే చాప మీద కూర్చున్న మనిషే. మీరు వాణ్ణి వదిలేసి నటీమణుల మీద పడ్డారు. స్థానం గారి ఆకర్షణ ఆయన కష్టంలో ఉందని మీరంటే నేను ఒప్పుకుంటా. ఆడదానికి ఆ కష్టం అక్కర్లేదు, ఒళ్ళుంటే చాలు అన్న అర్థం వచ్చేలా రాస్తే మాత్రం ఒప్పుకోను. మీ మొదటి పోస్టులోనే ఉంది చూడండి, "అందమైన మనిషికి ఇంత కష్టపడాల్సిన అవసరం ఉండదు" అని.

తెనాలి పాతకాపు:
అది ఆడవాళ్ళని ఉద్దేశించి రాసింది కాదు, అందగాళ్ళకీ వర్తిస్తుంది. మీసం దిద్దుకుని నిలబడితే చాలనుకున్న కృష్ణుల్ని ఎంతమందిని చూడలేదు?

హార్మోనియం పెట్టె:
ఆ కృష్ణుల పక్కన వాయించింది నేనే. మీసం గురించి ఇద్దరూ నన్ను అడగండి.

టైటిల్ కార్డు:
మధ్యలో ఒక్క మాట. పాట రాసింది స్థానం వారని పైన చెప్పాను, ఎవరూ స్పందించలేదు. సత్యభామ ఆ పొగరూ ఆ దడా ఒక మగవాడు రాసి, మగవాడే పాడి, తరవాత సుశీల గారు, జమున గారు తీసుకున్నారు. వాళ్ళకి బాగానే కుదిరింది కదా. మరి "చెయ్యలేరు" అన్నది ఎలా నిలబడుతుంది పాతకాపు గారూ?

తెనాలి పాతకాపు:
సినిమాకి కెమెరా ఉంది, కట్ ఉంది. పోల్చకండి.

నటి మనవరాలు:
చూశారా, మళ్ళీ.

తెనాలి పాతకాపు:
ఇక్కడితో ఆపుతున్నా. మీ అమ్మమ్మ గురించి మీరు వేరే థ్రెడ్ పెట్టండి, మొదటి కామెంట్ నాదే.

నటి మనవరాలు:
పెడతాను. ముందు చిన్నోడి కామెంట్ మీద మీ లైకు తీసెయ్యండి.