విలీనం ఉత్తరం వచ్చింది, సంతకం పెట్టేముందు ఏమి చూసుకోవాలి?

గేటు నంబరు 7

అందరికీ నమస్కారం. శంషాబాద్‌లో ప్రయాణికుల సేవల విభాగంలో పనిచేస్తున్నాను. చెకిన్ కౌంటర్, బోర్డింగ్ గేటు, విమానం ఆలస్యమైనప్పుడు తిట్లు తినడం, ఇదీ ఉద్యోగం. ఎనిమిదేళ్ళ నాలుగు నెలల సర్వీసు. సంస్థ పేరు రాయను, దయచేసి అడగకండి. మేము ఇంకో సంస్థలో కలిసిపోతున్నామని ఏడాదిగా పత్రికల్లో చదువుతున్నాం. మాకు మాత్రం ఉత్తరం ఈ వారమే వచ్చింది. పదకొండు పేజీలు, పది రోజుల గడువు. జీతం నెలకు రెండు వేలు పెరిగినట్లే కనిపిస్తోంది. హోదా చూస్తే, అవతలి సంస్థలో నాకంటే మూడేళ్ళ తరువాత చేరిన అమ్మాయితో సమానం చేశారు. "జీతం పెరిగింది కదా, ఇంకా ఏమిటి మీ బాధ?" అంటోంది మా ఆవిడ. జవాబు చెప్పలేకపోయాను. విలీనాలు చూసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

పాత కెప్టెన్

మీ బాధ పేరు సీనియారిటీ. బయటివాళ్ళకు అది ప్రమోషన్ వ్యవహారంలా కనిపిస్తుంది. మన దగ్గర ఏ విమానం ఎక్కుతామో, ఏ ఊళ్ళో కాపురం పెడతామో, సంక్రాంతికి ఇంట్లో ఉంటామా మస్కట్ హోటల్లో ఉంటామా అన్నది కూడా ఆ జాబితాలో మన అంకెను బట్టే ఉంటుంది.

మా నాన్నగారు బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ మెకానిక్. 1953లో ప్రభుత్వం విమాన సంస్థలను జాతీయం చేసి, దేశంలో తిరిగే ఎనిమిదింటిని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా కలిపినప్పుడు డెక్కన్ కూడా అందులో కలిసిపోయింది. పదవీ విరమణ దాకా ఆయన "మా డెక్కన్‌లో అయితేనా" అంటూనే ఉన్నారు. అందుకని విలీనం ఒక తేదీన జరుగుతుందంటే నేను నమ్మను.

2007 సంగతి చూడండి. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ ప్రభుత్వానివే, చూడటానికి మేనరికం సంబంధంలా ఉంది. ఆగస్టుకల్లా కాగితం మీద ఒకటయ్యాయి. ఒకరి ప్రధాన కార్యాలయం ముంబై, ఒకరిది ఢిల్లీ. అప్పటికే రెండూ కలిపి 111 విమానాలు ఆర్డరు చేసి ఉన్నాయి: ఒకరు 68 బోయింగ్‌లు, ఒకరు 43 ఎయిర్‌బస్‌లు. మరుసటి ఏడాది జులైలో చమురు పీపా 147 డాలర్లకు చేరింది. ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు మాత్రం రెండు. 2011 ఏప్రిల్ చివర పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం పది రోజులు సమ్మె చేశారు. రెండు వర్గాలను సర్దడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేశారు, 2012 జనవరిలో నివేదిక వచ్చింది. ఆ మే నెలలోనే రెండో వర్గం సమ్మెకు దిగింది. 787 డ్రీమ్‌లైనర్ శిక్షణకు అవతలివాళ్ళను పంపకూడదని పట్టు. 58 రోజులు సాగింది, వంద మంది దాకా పైలట్లను తొలగించారు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆ విమానం ఒక్కటి కూడా మన దేశానికి రాలేదు. మొదటిది సెప్టెంబరులో దిగింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను ఏ వర్గం వాడినో చెప్పను. చెబితే ఇక్కడ సగం మంది నాతో మాట్లాడరు.

తరచు ప్రయాణికుడు

మధ్యలో దూరినందుకు క్షమించాలి. మీ సీనియారిటీ సరే, సంస్థలు తగ్గేకొద్దీ టికెట్ ధర పెరుగుతోంది. దాని గురించి ఎవరైనా మాట్లాడతారా?

గగనసఖి

మాట్లాడతారు, వేరే చర్చలో. ఇక్కడ ఒకరి అన్నం సంగతి నడుస్తోంది.

గేటు 7 గారూ, నేను క్యాబిన్ క్రూ. నా విలీనం కథ చెబుతాను, సంస్థ పేరు నేనూ రాయను. ఆరేళ్ళు చేసిన ఉద్యోగానికే మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టారు. ముగ్గురు కూర్చుని "మీరు ఈ ఉద్యోగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" అని అడిగారు. మరునాడు పొద్దున నాలుగున్నరకు నాకు ఫ్లైట్ ఉందని వాళ్ళకు తెలియదు. అంతకుముందు క్యాబిన్ ఇన్‌చార్జిని. తరువాత వెనక గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, ట్రాలీ. మాకంటే నాలుగేళ్ళ చిన్నపిల్ల ముందు తలుపు దగ్గర నిలబడి నాకు పని పురమాయించేది. పాపం ఆ పిల్ల తప్పు లేదు, "అక్కా, ఇది చేస్తారా" అని మొహమాటపడుతూనే అడిగేది. ముందు వచ్చిన చెవుల కంటే వెనక వచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఆ కొమ్ములకు కూడా ఇబ్బందిగానే ఉండేది.

క్రూ గదిలో మాత్రం రెండు గుంపులు. "మీవాళ్ళు", "మావాళ్ళు". టీ కెటిల్ కూడా రెండు. నవ్వకండి, నిజం. నమస్కారం ఎలా పెట్టాలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. మా అమ్మ నేర్పిన నమస్కారం పనికిరాలేదు!

2024 వేసవిలో పత్రికల్లో వచ్చినవి గుర్తు చేసుకోండి. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు విస్తారా పైలట్లకు కొత్త జీతం విధానం తెచ్చినప్పుడు, ఎగిరినా ఎగరకపోయినా ఖాయంగా జీతం ఇచ్చే గంటలు 70 నుంచి 40కి తగ్గాయన్నది వాళ్ళ ప్రధాన ఫిర్యాదు. చాలామంది ఒంట్లో బాగాలేదన్నారు, విమానాలు రద్దయ్యాయి, సంస్థ తన సర్వీసుల్లో పది శాతం దాకా తగ్గించుకుంది. మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ అదే బాట పట్టారు. ఇరవై అయిదు మందిని తీసేసి, ఢిల్లీలో లేబర్ కమిషనర్ దగ్గర మాటలయ్యాక వెనక్కి తీసుకున్నారు. అది కూడా అప్పుడు ఇంకో సంస్థను తనలో కలుపుకుంటూ ఉన్నదే. నేను చెప్పేది ఒకటే: మొత్తం జీతం అంకె చూసి మురిసిపోకండి. అందులో ఖాయంగా వచ్చేది ఎంత, షిఫ్టులు వేస్తేనే వచ్చేది ఎంత అని విడదీసి చూడండి.

గేటు నంబరు 7

ఇప్పుడే చూశాను. రాత్రి షిఫ్టు భత్యం కలిపితేనే ఆ రెండు వేలు. అది లేకపోతే పాత జీతం కంటే తక్కువే.

నట్టు బోల్టు

అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నేను వేరే పాట పాడతాను. నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. చిన్న సంస్థలో ఉన్నంతకాలం నా లైసెన్సులో ఒకే రకం విమానం. పెద్దదానిలో కలిశాక మరో రెండు రకాలకు కోర్సులు చేయించారు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు పాసయ్యాను. ఇప్పుడు దోహాలో ఉన్నాను, ఆ లైసెన్సు పుణ్యమే. మనం పాత సంస్థను పుట్టిల్లులా తలుచుకుంటాం కానీ, అక్కడా స్పేర్ పార్టులు లేక ఒక విమానం సామాను ఊడదీసి ఇంకోదానికి బిగించిన రాత్రులు ఉన్నాయి. కెప్టెన్ గారికి కోపం రావచ్చు, కానీ పైలట్ల గొడవే మొత్తం ఉద్యోగుల గొడవ కాదు. హ్యాంగర్‌లో మేము మూడో వారానికే కలిసి భోజనం చేశాం.

పాత కెప్టెన్

కోపం లేదు. మీ చేతిలో లైసెన్సు ఉంది, అది మీతో దోహా దాకా వస్తుంది. గేటు దగ్గర పనిచేసే అబ్బాయికి ఎనిమిదేళ్ళ సర్వీసు తప్ప వెంట తీసుకుపోవడానికి ఏముంది?

లోడ్ షీట్

నాది విలీనం తరువాతి కథ. విమానంలో బరువు ఎక్కడ ఎంత ఉండాలో లెక్క వేసే పని నాది. మా చిన్న సంస్థను పెద్ద సంస్థ కొన్నప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. కొత్త యూనిఫాం, కొత్త బ్యాడ్జి. ఆ తరువాత కొన్న సంస్థే మునిగింది. ఏడు నెలల జీతం ఇప్పటికీ రావాలి. యూనిఫాం బీరువాలో ఉంది, మా అబ్బాయి స్కూల్లో నాటకానికి ఒకసారి పనికివచ్చింది. ఇప్పుడు నాచారంలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను.

దేశంలో జరిగినవి అందరికీ తెలిసినవే. 2007లో ఎయిర్ సహారాను జెట్ ఎయిర్‌వేస్ 1,450 కోట్లకు కొని జెట్‌లైట్ అని పేరు పెట్టింది. ఆ రోజుల్లోనే ఎయిర్ డెక్కన్ (కెప్టెన్ గారి నాన్నగారి డెక్కన్ కాదు) కింగ్‌ఫిషర్ చేతికి వెళ్ళింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది, జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. చమురు ధర మన చేతిలో ఉండదు, విమానాల అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్ మాత్రం రూపాయల్లో, అదీ పక్కవాడి కంటే వంద తక్కువకు అమ్మాలి. మీ ఉత్తరంలోని జీతం కంటే ముందు కొనేవాడి ఊపిరి ఎంతుందో చూడండి.

డాలస్ తెలుగువాడు

ఇక్కడ అమెరికాలో నేను విమాన సంస్థల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, ఈ గొడవలు ఇక్కడ ఇంకా ముదురు. 2001లో టీడబ్ల్యూఏ అనే పాత విమాన సంస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ ఫ్లైట్ అటెండెంట్లందరినీ సీనియారిటీ జాబితా అట్టడుగున చేర్చారు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నావిడ కూడా నిన్న చేరినవాళ్ళ వెనకే. అదే ఏడాది సెప్టెంబరు 11 తరువాత కోతలు కింది నుంచి మొదలయ్యాయి, 2003 వేసవికి వాళ్ళలో ఒక్కరూ మిగలలేదు. ఆ అన్యాయం చూశాకే 2007 చివర్లో చట్టం వచ్చింది: విలీనంలో సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి.

మధ్యవర్తితో అంతా చక్కబడుతుందా అంటే అదీ లేదు. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిశాయి. 2007లో మధ్యవర్తి ఇచ్చిన జాబితాలో పదిహేనేళ్ళకు పైగా సర్వీసున్న పైలట్లు కొందరు కొత్తగా చేరినవారి వెనక పడ్డారు. వాళ్ళు ఏకంగా పాత యూనియన్‌ను దించేసి సొంతది పెట్టుకున్నారు. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. ఈలోగా ఆ సంస్థే ఇంకో పెద్ద సంస్థలో కలిసిపోయింది.

ఫారం 13

జీతాల విభాగంలో ఇరవై రెండేళ్ళు చేశాను, పేరు చూస్తే పీఎఫ్ బదిలీ చేసుకున్నవారికి అర్థమవుతుంది. గేటు 7 గారూ, బాధ తరువాత పడవచ్చు, ముందు ఉత్తరంలో ఇవి వెతకండి.

మీరు చేరిన తేదీగా ఏది రాశారు? పాత తేదీ ఉందా, విలీనం తేదీ ఉందా? "సర్వీసు కొనసాగుతుంది" అన్న మాట స్పష్టంగా ఉండాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ దీని గురించే ఉండేది: సంస్థ చేతులు మారినప్పుడు సర్వీసు తెగకూడదు, షరతులు మునుపటికంటే తగ్గకూడదు, రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా లెక్కలోకి రావాలి. ఇవి లేకపోతే కార్మికుడికి పరిహారం ఇవ్వాలి.

మూల వేతనం ఎంత? మొత్తం పెంచి మూల వేతనం తగ్గించడం పాత చిట్కా. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కపెట్టి ఇస్తారు. పాత గ్రాట్యుటీ చట్టంలో కరువు భత్యం తప్ప మిగతా భత్యాలు దానిలోకి వచ్చేవి కావు. మీకు అయిదేళ్ళు దాటాయి కాబట్టి అర్హత ఉంది. ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నది రాతలో తీసుకోండి.

ఇంకొకటి, మీ విషయంలో ఇదే ముఖ్యం. పీఎఫ్ పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఇరవై నెలలు తక్కువ. సంస్థ మారింది కదా అని ఎవరైనా 10సి ఫారం పెట్టి పింఛను సొమ్ము తీసుకోమంటే తీసుకోకండి. తీసుకుంటే ఆ ఎనిమిదేళ్ళు లెక్కలోంచి పోతాయి. యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, అదే ఉంచి, కొత్త ఖాతాకు బదిలీ చేయించండి.

గగనసఖి

మాస్టారూ, మీరు నాలుగేళ్ళ ముందు ఎక్కడున్నారు! నేను ఆ ఫారం మీద సంతకం పెట్టేశాను.

ఫారం 13

ఎంత సర్వీసు పోయిందమ్మా?

గగనసఖి

ఆరేళ్ళు. ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాను.

గేటు నంబరు 7

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ కలిపి మెయిల్ పెట్టాను. పీఎఫ్ బదిలీ చేస్తామన్నారు, గ్రాట్యుటీ పాత తేదీ నుంచే అన్నారు, రెండూ రాతలోనే వచ్చాయి. మూల వేతనం పన్నెండు వందలు తగ్గిందని ఒప్పుకున్నారు కానీ మార్చేది లేదన్నారు. సీనియారిటీ సంగతికి మాత్రం "పరిశీలనలో ఉంది" అని ఒక్క వాక్యం.

ఇంకో విషయం. మొదట రాశానే, నాతో సమానం చేశారన్న అవతలి సంస్థ అమ్మాయి, ఆవిడే నిన్న గేటు దగ్గరికి వచ్చి పలకరించింది. తనను ఒక మెట్టు దించి మావాళ్ళతో కలిపారని ఆవిడ బాధ. "మీవాళ్ళకే అంతా ఇచ్చేశారట కదా అన్నా" అంది. నాకు నవ్వు వచ్చింది, ఆవిడకు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుదామని అనుకున్నాం.

పాత కెప్టెన్

మొదట నాలుగో పేజీయో అయిదో పేజీయో చూడండి, గ్రేడుల పట్టిక ఉంటుంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఏమైనా రాసి ఉంటే ఇద్దరిలో ఒకరు పైకి చదవండి, ఇంకొకరు రాసుకోండి. ఆవిడ ఉత్తరంలో ఎన్ని పేజీలు ఉన్నాయో కూడా చెప్పండి.

గేటు నంబరు 7

అడిగానండి. తొమ్మిదేనట.