ఈ-సైకిల్‌లో కాలి బలం కొలవడానికి ఇరుసునే అయస్కాంతంగా మార్చాలా, స్ట్రెయిన్ గేజ్ అంటించాలా?

ఇరుసు:
నా వాదన ముందే చెబుతాను. తక్కువ ధర ఎలక్ట్రిక్ సైకిళ్లకు తాకకుండా కొలిచే అయస్కాంత టార్క్ (మెలితిప్పే బలం) సెన్సారే సరైన దారి. ఈ పనికి స్ట్రెయిన్ గేజ్‌ల (లోహం ఎంత సాగిందో కొలవడానికి దాని మీద అంటించే పలుచని రేకుల) కాలం చెల్లిపోయింది. ఎనిమిది నెలలుగా దీని మీదే కూర్చున్నాను. తప్పు చూపిస్తే దిద్దుకుంటాను.

చాలా చవక సైకిళ్లు పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తాయి. క్రాంక్ (పెడల్‌ను మోసే చేయి) పక్కన చిన్న అయస్కాంతాలు పొదిగిన బిళ్ల, ఎదురుగా అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ఒక హాల్ సెన్సార్, అంతే. ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి తెలియదు. ఎత్తు మీద ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడు, సాయం అత్యవసరమైన ఆ క్షణంలో, పెడల్ కొంత తిరిగేదాకా మోటారు కదలదు. చదును రోడ్డు మీద ఊరికే కాళ్లు ఆడించినా పూర్తి బలంతో లాగుతుంది. 1993లో యమహా జపాన్‌లో అమ్మిన తొలి పాస్ సైకిలే తొక్కే బలానికి తగినట్టు సాయం చేసింది. ముప్పై ఏళ్లు దాటినా మన చవక సైకిళ్లకు ఆ గుణం రాలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది.

సూత్రం ఇది. రెండు క్రాంక్‌లను కలిపే ఉక్కు ఇరుసు మీద ఒక పట్టీని చుట్టూ వలయంగా అయస్కాంతీకరిస్తాం. మెలి లేనప్పుడు క్షేత్రం ఆ వలయంలోనే మూసుకుని ఉంటుంది, బయటికి దాదాపు ఏమీ రాదు. తొక్కగానే ఇరుసు మెలిపడుతుంది. దాని ఉపరితలం మీద 45 డిగ్రీల వాలున ఒకవైపు సాగుడు, ఎదురు వాలున నొక్కుడు పుడతాయి. అయస్కాంతత్వం సాగిన దిశకు కొద్దిగా ఒరుగుతుంది. ఒత్తిడికి అయస్కాంతత్వం మారుతుందని 1865లోనే విల్లారి గమనించాడు. వలయం కాస్తా స్క్రూ గాడిలా వాలుతుంది, పట్టీ అంచుల దగ్గర క్షేత్రం బయటపడుతుంది. దాన్ని కొద్ది మిల్లీమీటర్ల దూరం నుంచే కొలుస్తాం. తిరిగే భాగం మీద తీగ లేదు, జిగురు లేదు, బ్యాటరీ లేదు. 1992లో ఇవాన్ గార్షెలిస్ ఇలాంటి ఉక్కు వలయంతో పనిచేసే సెన్సార్‌ను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. ఇది కలగన్న ఊహ కాదు.

వీట్‌స్టోన్:
ఇరుసు గారూ, వివరణ బాగుంది, తీర్పు మాత్రం తొందరపాటు. నేను పరీక్షా విభాగంలో పనిచేస్తాను, రోజూ గేజ్‌లతోనే నా పని. 1938లో సిమన్స్, రూజ్ విడివిడిగా కనిపెట్టిన నాటి నుంచి దాని ప్రతి లోపమూ మనకు తెలుసు, ప్రతి లోపానికీ మందు కూడా తెలుసు.

లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల ఘన ఇరుసు మీద 100 న్యూటన్ మీటర్ల టార్క్ పడితే ఉపరితలం మీద కోత ఒత్తిడి దాదాపు 64 మెగాపాస్కల్. 45 డిగ్రీల వాలున సాగుడు పది లక్షలకు 400 వంతులు. నాలుగు గేజ్‌లను కలిపిన బ్రిడ్జి సర్క్యూట్ దానికి ఇచ్చిన ప్రతి వోల్టుకు 0.8 మిల్లీవోల్టు ఇస్తుంది. చిన్న సంకేతమే, కానీ శుభ్రమైనది. ఇవాళ్టి చవక చిప్పులు దాన్ని సులువుగా చదువుతాయి. తిరిగే ఇరుసు నుంచి బయటికి చేర్చడానికి చిన్న రేడియో చాలు.

మరి మీ సంకేతం? మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 40 మైక్రోటెస్లా ఉంటుంది. మీ సెన్సార్‌కు కాలి బలమేదో, భూమి బలమేదో ఎలా తెలుస్తుంది? పైగా ఉక్కుకు జ్ఞాపకం ఉంటుంది. గట్టిగా తొక్కి వదిలాక రీడింగు సున్నాకు తిరిగి రాకపోతే ఆ లోపం ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

కాటర్‌పిన్ను:
నేను సైకిల్ మెకానిక్‌ని, ఇంజినీరును కాను. ఇద్దరూ పెద్ద చదువుల మాటలు మాట్లాడుతున్నారు, షాపులో కనిపించేది కూడా వినండి.

టార్క్ సెన్సార్ ఉన్న సైకిల్ ఒకటి వచ్చింది. "నిన్నటి దాకా బాగా లాగింది, ఇవాళ బలమే లేదు" అన్నాడు కుర్రాడు. విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. చివరికి అడిగితే తేలింది: ఆ రోజు ఒక కాలు పెడల్ మీద మోపి, సీటు మీద కూర్చుని స్విచ్ వేశాడు. ఆ క్షణంలో ఉన్న బలాన్నే సెన్సార్ సున్నా అనుకుంటుంది. ఆ తరువాత ఎంత తొక్కినా దానికి తక్కువగానే కనిపిస్తుంది. గేజ్ అయినా అయస్కాంతమైనా సున్నా ఎప్పుడు పట్టుకోవాలో తేలకపోతే రెండూ ఒకటే.

ఇంకొకటి. నా దగ్గరికి వచ్చే ఒకాయనకు ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. బరువంతా కుడి కాలి మీదే. ఆయన సైకిల్ ఎత్తు ఎక్కేటప్పుడు సాయమే చేయదు. అదే సైకిల్ నేను తొక్కితే చక్కగా లాగుతుంది. ఇరుసు గారూ, మీ డిజైనులో ఇది ఎందుకు జరగదో చెప్పండి.

ఇరుసు:
కాటర్‌పిన్ను గారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు నిద్రపట్టలేదు. నా మొదటి నమూనాలోనూ అదే జరుగుతుంది. చైన్‌రింగ్ (గొలుసును లాగే ముందు పళ్లచక్రం) కుడి క్రాంక్‌కే బిగించి ఉంటుంది కదా. కుడి కాలి బలం ఇరుసును మెలిపెట్టకుండా నేరుగా గొలుసుకు పోతుంది. ఇరుసు మీద ఉన్న నా పట్టీకి ఎడమ కాలు ఒక్కటే కనిపిస్తుంది. చాలామంది ఆ రీడింగును రెండింతలు చేసి సరిపెడతారు. రెండు కాళ్లూ సమానమైతే పరవాలేదు. ఆ పెద్దాయనకు మాత్రం అన్యాయమే.

విరుగుడు యంత్ర నిర్మాణంలోనే ఉంది. చైన్‌రింగ్‌ను కుడి క్రాంక్ నుంచి విడదీయాలి. ఇరుసు పైన ఒక బోలు గొట్టం తొడగాలి. గొట్టం ఎడమ చివర పళ్ల గాడులతో ఇరుసుకు కలుస్తుంది, కుడి చివర చైన్‌రింగ్‌ను మోస్తుంది. ఇప్పుడు కుడి కాలి బలం ఇరుసు లోపల ఎడమ చివరి దాకా వెళ్లి, అక్కడ గొట్టంలోకి మారి, వెనక్కి కుడికి వచ్చి గొలుసును లాగుతుంది. ఎడమ కాలి బలమూ ఆ గొట్టం గుండానే పోక తప్పదు. పట్టీని గొట్టం మీద పెడితే రెండు కాళ్లూ కనిపిస్తాయి. గేజ్ పెట్టినా ఈ గొట్టం కావలసిందే. మనం పోట్లాడుకుంటున్నది సెన్సార్ గురించి, అసలు ప్రశ్న బలం ఏ దారిన పోతోందన్నది.

వీట్‌స్టోన్ గారు అడిగిన భూమి క్షేత్రం సంగతి నేను ఒళ్లు నొప్పులు పుట్టేలా నేర్చుకున్నాను. ఒకే పట్టీ ఉన్న నమూనాను స్టాండు మీద పెట్టి, పెడల్ ముట్టుకోకుండా సైకిల్‌ను నేల మీద గుండ్రంగా తిప్పాను. ఉత్తరానికి ముఖం పెడితే సున్నా. తూర్పుకు తిప్పితే ఒకవైపు కదిలింది, పడమరకు తిప్పితే అంతే దూరం ఎదురువైపు. తూర్పు ముఖంగా ఉన్నప్పుడు ఇరుసు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, భూమి క్షేత్రం దాని పొడవునా దూరుతుంది. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఒక సాయం, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో సాయం! పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో అయస్కాంతీకరించిన రెండు పట్టీలు పెట్టి, ఒకదాని రీడింగు నుంచి రెండోదాన్ని తీసేశాక ఆ కదలిక పోయింది. మెలి రెండింటిలో ఎదురు గుర్తులతో వస్తుంది కాబట్టి కూడుతుంది, భూమి క్షేత్రం రెండింటిలో ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది.

పళ్లచక్రం:
మూడో దారిని ఎవరూ తలవలేదు. కార్ల పవర్ స్టీరింగ్‌లో మెలి కోణాన్నే కొలుస్తారు. ఒక చివర అయస్కాంత వలయం, రెండో చివర పళ్ల ఉంగరాలు, మధ్యలో హాల్ సెన్సార్. అదీ తాకనిదే. ఉక్కు గుణాల మీద ఆధారపడదు.

ఇరుసు:
ఆలోచించాను అండీ. స్టీరింగ్‌లో మెలిపడే కడ్డీని కావాలనే మెత్తగా చేస్తారు, డిగ్రీల లెక్కన తిరుగుతుంది. 20 మిల్లీమీటర్ల ఇరుసు 80 మిల్లీమీటర్ల పొడవులో 100 న్యూటన్ మీటర్లకు 0.36 డిగ్రీలే తిరుగుతుంది. బేరింగు కాస్త వదులైతే ఆ కొలత నమ్మలేం. మెత్తగా చేస్తే కాలికి సాగుడు తెలుస్తుంది.

వీట్‌స్టోన్:
తూర్పు పడమరల పరీక్ష నాకు నచ్చింది, ఆ అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. జిగురు, తేమ, రేడియోకు బ్యాటరీ విషయంలో కూడా మీ మాటే నెగ్గింది. గేజ్ అంటించడం చేతిపని. ఉపరితలం రుద్ది, శుభ్రం చేసి, జిగురు నొక్కి ఆరబెట్టాలి. ఒక్కో ముక్కకు ఆ శ్రద్ధ పెడితే సైకిల్ చవకగా రాదు.

కానీ ఒక్క చోట కదలను. రెండు పట్టీలు కొట్టివేసేది రెండింటికీ సమానంగా తగిలే క్షేత్రాన్నే. మోటారు పెడల్ దగ్గరే ఉండే సైకిళ్లలో దాని క్షేత్రం దగ్గరి పట్టీకి ఎక్కువగా, దూరపు పట్టీకి తక్కువగా తగులుతుంది. తీసివేత తరువాత కొంత మిగిలిపోతుంది. అదీ కరెంటుతో పాటు మారుతుంది, అంటే మోటారు తన సాయాన్ని తానే కాలి బలంగా చదువుకునే ప్రమాదం ఉంది. ఇది సున్నా తప్పడం కన్నా పెద్ద లోపం. మోటారు వెనక చక్రంలో ఉన్న సైకిల్‌కు మీ పద్ధతి సరే అంటాను. మధ్య మోటారుకు మూడు పట్టీలో, మంచి కవచమో పెట్టి, పూర్తి కరెంటు దగ్గర పెడల్ బిగించి రీడింగు చూపించేదాకా నేను గేజ్ పక్షమే.

ఇరుసు:
న్యాయమైన షరతు. మధ్య మోటారు మీద నా దగ్గర ఆ కొలత లేదు. కాబట్టి "గేజ్‌ల కాలం చెల్లింది" అన్న మాటను వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిళ్ల వరకే కుదిస్తున్నాను. సున్నా విషయంలో కాటర్‌పిన్ను గారి మాట తీసుకున్నాను. స్విచ్ వేసినప్పుడు ఒక్కసారే కాకుండా, సైకిల్ ముందుకు పోతూ పెడల్ ఆగి ఉన్నప్పుడల్లా సున్నా సరిచూసుకునేలా ప్రోగ్రామ్ మారుస్తున్నాను.

కాటర్‌పిన్ను:
పెడల్ ఆపి దాని మీద నిలబడి గుంతలు దాటేవాళ్లుంటారు. అప్పుడు పట్టుకున్న సున్నా కూడా తప్పే, అది చూసుకోండి. మోకాలి ఆపరేషన్ అయినాయన సైకిల్ ఇంకా నా షాపులోనే ఉంది, వెనక చక్రం మోటారే. బాటమ్ బ్రాకెట్ (ఫ్రేములో పెడల్ ఇరుసు కూర్చునే చోటు) వెడల్పు 68 మిల్లీమీటర్లు. మీ గొట్టం, రెండు పట్టీలు, బేరింగులు అందులో ఇముడుతాయా? ఇమిడితే ఒక ముక్క పంపండి, బిగించి ఆయన చేతనే తొక్కిస్తాను.