డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఆపితే "ఊదను" అనే హక్కు మనకుందా?

పెన్నాగట్టు (నెల్లూరు):
అన్నలకు, అక్కలకు నమస్కారం. పోయిన శనివారం రాత్రి పదిన్నరకి మా బావను మినీ బైపాస్ మీద ఆపారు. కోవూరులో రిసెప్షన్ చూసుకుని బైకు మీద వస్తున్నాడు, ఒక బీరు తాగాడు, అది దాచను. మిషన్ పెట్టి ఊదమంటే ఊదనన్నాడు. ఫోన్‌లో ఎవరిదో వీడియో చూశాడంట, ఊదకపోవడం మీ హక్కు, రక్త పరీక్ష చేయించమని గట్టిగా అడగండి, కేసు నిలబడదు అని అందులో చెప్పారంట. అదే మాట అక్కడ అన్నాడు. స్టేషన్‌కి తీసుకెళ్లారు. అక్కడ మళ్లీ అడిగితే అప్పటికి భయపడి ఊదాడు, 41 వచ్చింది. ఆ తర్వాత రెండున్నర దాకా కూర్చోబెట్టారు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోలేదు, ఇంటికి ఫోన్ చేసుకోనివ్వలేదు. మా అక్క ఫోన్ మీద ఫోన్ చేస్తా యాక్సిడెంట్ అయిందేమోనని ఏడుస్తా కూర్చుంది. బండి ఇంకా స్టేషన్‌లోనే ఉంది, ఈరోజుకి ఆరో రోజు. ఏ స్టేషనో రాయను, నాకు గొడవ వద్దు. ఊదనని చెప్పే హక్కు ఉందా లేదా? బండిని ఇన్ని రోజులు పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు రోడ్డు (ఒంగోలు):
తాగి బండెక్కినోడికి హక్కులేంది తమ్ముడూ? ఎనిమిదేళ్ల కిందట సింగరాయకొండ దగ్గర హైవే పక్కన మా తమ్ముడు టైరు మార్చుకుంటా ఉంటే తాగిన కారోడు వచ్చి గుద్దాడు. వాడికి కుడికాలు మోకాలి పైనుంచి తీసేశారు. ఇద్దరు పిల్లలు. ఆ రోజు నుంచి "ఒక్క బీరే కదా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మీ బావను రెండున్నరకైనా వదిలారు, ఇంటికి వచ్చాడు. సంతోషపడండి.

పెన్నాగట్టు (నెల్లూరు):
అన్నా, మీ తమ్ముడి సంగతి చదివి చాలా బాధేసింది. బావ చేసింది మంచిపని అని నేను అనలేదు, అక్క కూడా అనడంలేదు. చట్టం ఏం చెప్తుందో తెలుసుకుందామనే అడిగాను.

కోర్టు మెట్లు (ఒంగోలు):
నేను లాయర్ని, క్రిమినల్ కేసులే ఎక్కువ చూస్తాను. పెన్నాగట్టు తమ్ముడూ, ఆ వీడియో నమ్మి మీ బావ తనకు తానే నష్టం చేసుకున్నాడు. 1988 మోటారు వాహనాల చట్టంలో 203వ సెక్షన్ చూడండి. తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊదమని అడగొచ్చు. ఊదననే మనిషి తాగాడని అనుమానానికి కారణం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. స్టేషన్‌కి తెచ్చాక ఊదడానికి ఇంకో అవకాశం ఇవ్వాలి, మీ బావకు ఇచ్చింది అదే. ఇక 205వ సెక్షన్ అన్నిటికన్నా ముఖ్యం, దాని సంగతి ఆ వీడియోలు తీసేవాళ్లెవరూ చెప్పరు. సరైన కారణం లేకుండా ఊదకపోయినా, రక్తం ఇవ్వకపోయినా, ఆ నిరాకరణను కోర్టు పోలీసుల సాక్ష్యానికి బలంగా లెక్కలోకి తీసుకోవచ్చు. రక్త పరీక్ష కూడా మనం కోరుకుంటే ఇచ్చే సౌకర్యంలాగా చట్టంలో లేదు. అరెస్టయి స్టేషన్‌లో ఉన్న మనిషిని, మిషన్‌లో మద్యం కనపడితేనో, ఊదకపోతేనో, రక్తం ఇమ్మని పోలీసులే అడగొచ్చు. 204 చెప్పేది అది.

నన్ను నేను దోషిగా చేసుకునే సాక్ష్యం ఇవ్వను, రాజ్యాంగం 20(3) ఉందిగా అని కొందరు అంటారు. సుప్రీంకోర్టు 1961లో కాఠీ కాలు ఓఘడ్ కేసులో పదకొండు మంది జడ్జీల బెంచితో చెప్పింది, వేలిముద్రలు, చేతిరాత నమూనా ఇవ్వడం ఆ రక్షణ కిందికి రాదని. శ్వాస, రక్తం విషయంలోనూ కోర్టులు అదే దారిలో చూస్తాయి. మాట్లాడకుండా ఉండొచ్చు, ఎక్కడ తాగావు ఎంత తాగావు అంటే చెప్పనక్కర్లేదు. ఊదడం వేరు.

శిక్ష సంగతి కూడా తెలుసుకోండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. 2019 సెప్టెంబరు నుంచి ఈ లెక్క, అంతకుముందు మొదటిసారికి రెండు వేలే ఉండేది.

రొయ్యల గుంట (విడవలూరు):
నేను చుక్క ముట్టను. రాత్రి పన్నెండుకి కరెంటు పోతే రొయ్యల గుంటల కాడికి పరిగెత్తాలి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంటంతా తేలిపోద్ది. ఆ టైములో వారానికి రెండుసార్లన్నా ఆపుతారు. ఆపడం తప్పనను. కానీ ముందు ఊదినోడి పైపే నా నోట్లో పెట్టబోయాడు ఒకసారి, కొత్తది అడిగితే "ఏంది తాగావా, సాకులు చెప్తున్నావు" అన్నాడు. ఇంకోసారి దగ్గు మందు తాగి ఉన్నా, మిషన్ ఏదో చూపించింది, మూడు వేలు ఇచ్చి పొమ్మన్నారు. ఇచ్చి పోయా. గుంటలు గుర్తొచ్చి ఇచ్చా. తాగనోడికి కూడా హక్కులు తెలియాలి కదా కర్నూలు రోడ్డు అన్నా?

కోర్టు మెట్లు (ఒంగోలు):
అన్నా, ఆ మూడు వేలు ఏ ఖాతాకీ పోలేదు. హెల్మెట్ లాంటి కొన్ని తప్పులకు అక్కడికక్కడ డబ్బు కట్టి ముగించుకోవచ్చని 200వ సెక్షన్‌లో జాబితా ఉంది, అందులో 185 లేదు. తాగి నడిపిన కేసు కోర్టులోనే తేలాలి, రోడ్డు మీద తేలే కేసు కాదది. ఎవరైనా రోడ్డు మీద డబ్బు అడిగితే అది లంచమే. ఇవ్వకండి, కోర్టుకే వస్తానని చెప్పండి.

రిటైర్డ్ హెడ్డు (కావలి):
ముప్పై ఏళ్లు పైన పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేశాను, నా మాట కూడా వినండి. పైపు మార్చమని అడగడం న్యాయం, అడిగినోళ్లకు మేం మార్చేవాళ్లం. దగ్గు మందు, మౌత్ వాష్, హోమియో చుక్కలు నోట్లో ఉన్నప్పుడు మిషన్ ఎక్కువ చూపిస్తుంది, అది నిజమే. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తే నోట్లోది పోతుంది, కడుపులోది పోదు. కాబట్టి "సార్, మందు తాగాను, పదిహేను నిమిషాలాగి ఇంకోసారి ఊదుతాను" అని మర్యాదగా అడగండి, తెలిసిన అధికారి కాదనడు. ఊదాక స్లిప్పు వచ్చే మిషన్ అయితే దాని మీద టైము, అంకె చూసుకోండి, అప్పుడే ఫోటో తీసుకోండి.

లాయరు గారు అనుమానానికి కారణం ఉండాలన్నారు. ఉండాలి. అయితే లైసెన్సు చూపించమని యూనిఫాంలో ఉన్న పోలీసు ఎవరినైనా ఆపి అడగొచ్చు, అద్దం దించితే వాసన వస్తుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి, మాట తడబడుతుంది, ఇంక కారణం ఏం కావాలి? కనపడిన ప్రతివాడి నోట్లో పైపు పెట్టడం మాత్రం నాక్కూడా నచ్చదు.

నైట్ డ్యూటీ సిస్టర్ (కందుకూరు):
క్యాజువాలిటీలో పనిచేస్తాను. "ఒక్క బీరే" అనేవాళ్ల కోసం రాస్తున్నా. 650 మిల్లీలీటర్ల సీసా, ఐదు శాతం బీరు అయినా, డెబ్బై కిలోల మగమనిషికి రక్తంలో ఇంచుమించు 50 దాటుతుంది. హద్దు 30. శరీరం గంటకు సుమారు 15 మాత్రమే తగ్గించుకుంటుంది. రాత్రి పదకొండు దాకా నాలుగు పెగ్గులు, అంటే 60 ఎంఎల్ లెక్కన, పట్టించినవాళ్లు పొద్దున ఏడింటికి స్నానం చేసి కాఫీ తాగి తాజాగా బయల్దేరినా ఇంకా హద్దు దాటే ఉండొచ్చు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్లు ఏవీ దాన్ని తగ్గించవు.

రక్తం తీసేటప్పుడు స్పిరిట్ దూదితో తుడవకూడదు, ఫ్లోరైడ్ ఉన్న సీసాలో వేసి సీలు చేయాలి. ఎవరి రక్తం తీసినా సీలు మీ ముందే వేయమని అడగండి. ఆడమనిషి రక్తం మగ డాక్టరు తీయాల్సి వస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండి తీరాలని చట్టంలోనే ఉంది, ఇది ఆడపిల్లలకు చెప్పి ఉంచండి.

పెన్నాగట్టు (నెల్లూరు):
సిస్టర్ గారూ, ధన్యవాదాలు. లాయరన్నా, ఫోన్ చేసుకోనివ్వకపోవడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లకపోవడం, బండి సంగతి?

కోర్టు మెట్లు (ఒంగోలు):
ఊదడం అయ్యాక మొదలవుతాయి అసలు హక్కులు, మీ బావ అడగాల్సినవి అవి. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, బెయిలు హక్కు ఉంటే అదీ చెప్పాలి, ఇంట్లోవాళ్లకు గానీ స్నేహితుడికి గానీ వెంటనే తెలియజేయాలి. 2024 జులై నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 47, 48 సెక్షన్లు ఇవే. లాయరును పిలిపించుకునే హక్కు రాజ్యాంగం 22లో ఉంది. 185 బెయిలబుల్ నేరం, పూచీ ఇస్తే బెయిలు ఇవ్వాల్సిందే, పొద్దున చూద్దాం అని రాత్రంతా పెట్టుకోవడానికి లేదు.

ఇక 202వ సెక్షన్. తాగి నడిపాడని అరెస్టు చేసిన మనిషికి రెండు గంటల్లోపు డాక్టరు చేత 203, 204లో చెప్పిన పరీక్ష చేయించాలి, లేదంటే కస్టడీ నుంచి వదిలేయాలి. మీ బావకు జరగనిది ఇదే. స్టేషన్‌లో మిషన్ ఊదించాం, అదే పరీక్ష అని పోలీసులు అంటారు. సెక్షన్‌లో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని స్పష్టంగా ఉందని నేనంటాను. అయితే ఒక మాట, వదిలేయాలంటే కేసు కొట్టేసినట్టు కాదు. 41 అంకె అలాగే ఉంటుంది.

బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది వినండి. తాగి నడిపాడనే కారణంతో బండిని జప్తు చేసి పెట్టుకునే అధికారం పోలీసులకు లేదు, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి ఇవ్వాలి, లేకపోతే బంధువులను పిలవాలి, ఎవరూ రాకపోతేనే భద్రంగా స్టేషన్‌లో పెట్టి తర్వాత కాగితాలు చూసి ఇచ్చేయాలి. అది మన ఆంధ్రాలో కట్టుబడి తీరాల్సిన తీర్పు కాదు, కానీ చట్టం ఒకటే కాబట్టి వాదించడానికి బాగా పనికొస్తుంది. ఆర్‌సీ, మీ ఆధార్, మీ లైసెన్సు తీసుకుని, బండి విడుదల చేయమని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. తిట్టుకోవద్దు, వాదన పెంచుకోవద్దు.

రిటైర్డ్ హెడ్డు (కావలి):
రెండు గంటల రూలు మాకూ తెలుసు లాయరు గారూ. రాత్రి పదకొండుకి పదిమందిని పట్టుకుంటే ఒక్క జీపులో ఆసుపత్రికి ఎట్లా తోలుకుపోవాలి, అక్కడ ఉండే ఒక్క డాక్టరు యాక్సిడెంట్ కేసు చూస్తాడా, మా తాగుబోతులను చూస్తాడా? కానిస్టేబుల్ మీద పడేస్తారు అన్నీ. ఇంటికి ఫోన్ చేసుకోనివ్వకపోవడానికి మాత్రం నేను సాకు చెప్పను. అది తప్పు.

కర్నూలు రోడ్డు (ఒంగోలు):
రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను. మొదట కోపంతో రాశాను. మా తమ్ముడి కేసులో ఏం జరిగిందో చెప్తాను. గుద్దింది రాత్రి తొమ్మిదిన్నరకి. పట్టుకున్నది కూడా అప్పుడే, ఊళ్లోవాళ్లే పట్టిచ్చారు. రక్తం తీసింది మాత్రం మర్నాడు మధ్యాహ్నం. రిపోర్టులో మద్యం లేదని వచ్చింది. సిస్టర్ గారు గంటకు 15 తగ్గుతుందని రాశాక కూర్చుని లెక్కేశాను. పద్నాలుగు గంటలు దాటింది. ఎంత తాగి ఉన్నా ఏం మిగులుతుంది? ఆ సెక్షన్‌లో రెండు గంటలని ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. మేం ఆసుపత్రిలో మా వాడి కాలు దగ్గర ఉన్నాం. తాగినోడి కోసం రాసిన రూలు అనుకున్నాను ఇన్నాళ్లూ, అది పాటించి ఉంటే మా వాడి కేసు నిలబడేది. హెడ్డు గారూ, జీపు లేదు డాక్టరు లేడు అని మీరు రాసింది అర్థమైంది, కానీ మాకు పోయింది అక్కడే.

రిటైర్డ్ హెడ్డు (కావలి):
అబ్బయ్యా, దానికి నా దగ్గర జవాబు లేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):
ఈరోజు పొద్దున అర్జీ ఇచ్చాము, రసీదు ఇచ్చారు, సాయంత్రానికి బండి ఇచ్చేశారు. నా లైసెన్సు చూసి నాకే అప్పగించారు. బావ లైసెన్సు వాళ్ల దగ్గరే ఉంది, దానికో కాగితం ఇచ్చారు. వచ్చే మంగళవారం కోర్టు. బావ తప్పు ఒప్పుకుంటానంటున్నాడు. ఆ వీడియో సంగతి ఇంక ఎత్తడంలేదు. మొదటిసారి కదా, లైసెన్సు పోతుందా లాయరన్నా?

కోర్టు మెట్లు (ఒంగోలు):
ఆర్టీవో దగ్గరికి పంపిస్తారు, కొంతకాలం సస్పెండ్ చేసే అవకాశం ఉంది, వాళ్లు పిలిస్తే వెళ్లి చెప్పుకోవచ్చు. ఒప్పుకునే ముందు ఒకసారి లాయరుతో కూర్చోమనండి, డబ్బు లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఇంకోటి, తాగి ఉండగా యాక్సిడెంట్ అయితే సొంత బండి రిపేరుకు ఇన్సూరెన్సు రాదు, మిషన్ ఊదించకపోయినా వేరే ఆధారాలతో క్లెయిమ్ కాదనొచ్చని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. బావకు అది కూడా చెప్పండి.

కర్నూలు రోడ్డు (ఒంగోలు):
తమ్ముడూ, లైసెన్సుకు ఇచ్చిన కాగితం మీద బండి నడపడానికి లేదు, మా మేనల్లుడి విషయంలో తెలిసింది. మంగళవారం మీ బావను కోర్టుకి మీరే తీసుకెళ్లండి.