ఎన్‌20 మోటారు ఎన్‌కోడర్ లెక్క తప్పుతోంది, ఎక్కడ చూడాలి?

ప్రశ్న:
రెండు చక్రాల రోబో. 6 వోల్టుల ఎన్‌20 మోటార్లు, 1:100 గేర్లు, వెనక చుట్లు లెక్కించడానికి, మోటారు చుట్టుకు 7 పల్సులిచ్చే హాల్ (అయస్కాంతాన్ని పసిగట్టే) ఎన్‌కోడర్లు. బోర్డు ఆర్డుయినో ఉనో, మోటార్లకు కరెంటిచ్చే డ్రైవర్ టీబీ6612. ఎన్‌కోడర్ రెండు ఛానళ్లలో (A, B) A ఛానల్ పైకి లేచినా, కిందికి దిగినా ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వెంటనే పల్సు లెక్కించే సంకేతం) వచ్చేలా పెట్టి, B ఛానల్ చూసి దిశ తేలుస్తున్నాను. చక్రం 23 చుట్లు దాటగానే లెక్క మైనస్‌లోకి దూకుతోంది. కుడి చక్రం ముందుకెళ్తుంటే లెక్క తగ్గుతోంది. ఎడమ మోటారు తిరుగుతుంటే ఆగి ఉన్న కుడిదాని లెక్క కూడా దానంతటదే పెరుగుతోంది. పీఐడీ (తేడాను బట్టి మోటారు వేగం సర్దే పద్ధతి; పీ, ఐ, డీ దాని మూడు భాగాలు) ఎంత సర్దినా బండి తిన్నగా పోవడం లేదండి.

జవాబు:
పీఐడీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లెక్కే తప్పయితే ఏ గెయిన్ (పీఐడీ గుణకం) పెట్టినా దండగే.

23 చుట్లు అన్నారు చూశారా, దాంతోనే మొదటిది దొరికిపోయింది. ఒక ఛానల్ రెండు అంచులు లెక్కిస్తే మోటారు చుట్టుకు 14, చక్రం చుట్టుకు 1,400. ఉనోలో ఇంట్ (పూర్ణాంకపు వేరియబుల్) అంటే 16 బిట్లే, 32,767 దాటితే మైనస్. 32,767ని 1,400తో భాగించండి, 23.4 వస్తుంది. వేరియబుల్‌ను వోలటైల్ లాంగ్ (32 బిట్లది, ప్రతిసారీ తాజాగా చదివేది) చేయండి. అయితే లాంగ్ 4 బైట్లు, ఉనో ఒకసారికి ఒక బైటే చదువుతుంది. మధ్యలో ఇంటరప్ట్ పడితే సగం పాత విలువ, సగం కొత్తది చేతికొస్తుంది. అందుకే ఇంటరప్టులు ఆపి, విలువను కాపీ చేసుకుని, వెంటనే ఇంటరప్టులు మళ్లీ ఆన్ చేయండి. ప్రింట్ చేయడం ఆ తర్వాతే.

కుడి చక్రం లెక్క తగ్గడం లోపం కాదు. మోటార్లు ఎదురెదురుగా బిగించారు కాబట్టి అలాగే వస్తుంది. కోడులో ప్లస్, మైనస్ గుర్తు తిప్పేయండి, వైర్లు కదపొద్దు.

మూడోది, ఆగి ఉన్న చక్రం లెక్క పెరగడం. దానికి కారణం మోటారు లోపలి బ్రష్షుల నాయిస్ (విద్యుత్ అలజడి). స్పైక్ వచ్చి ఇంటరప్ట్ లేస్తుంది, కోడు చదివే సరికి A ఛానల్ మళ్లీ పాత స్థితిలోనే ఉంటుంది. అయినా మీ కోడు దాన్ని పల్సుగానే వేసుకుంటుంది, అదీ ప్రతిసారీ ఒకే దిశలో. A ఛానల్ పాత స్థితిని దాచుకుని, అది మారకపోతే లెక్కించకుండా వదిలేయండి. మోటారు రెండు టెర్మినళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ (మీద 104 అని ఉంటుంది) టంకం వేయండి. సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించొద్దు, వెనకున్న ప్లాస్టిక్ మూత మెత్తబడి బ్రష్షులు పక్కకు జరుగుతాయి. మోటారు వైర్లు రెండూ మెలిపెట్టి, ఎన్‌కోడర్ వైర్లకు దూరంగా పంపండి. ఎన్‌కోడర్ కరెంటు బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వాలి, మోటారు బ్యాటరీ నుంచి కాదు. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే.

మరో సభ్యుడు:
పైన చెప్పినవి చేశాక లెక్క సరిచూడండి. చక్రానికి గీత పెట్టి, తక్కువ పీడబ్ల్యూఎంతో (అంటే తక్కువ వేగంతో) 10 చుట్లు తిప్పి ఆపండి. 14,000 దగ్గర రావాలి. కొన్ని గేరుబాక్సుల మీద 100 అని ఉన్నా అసలు నిష్పత్తి 100.37, అలాంటిదైతే 14,052 వస్తుంది. వచ్చిన అంకెనే కోడులో వాడండి. చక్రాన్ని చేత్తో బలవంతంగా తిప్పి మాత్రం చూడకండి, ఈ నిష్పత్తిలో సన్న గేర్ల పళ్లు అరిగిపోతాయి.

ప్రశ్న:
లెక్క ఇప్పుడు కుదిరింది. 10 మిల్లీసెకన్లకోసారి వేగం కొలుస్తుంటే అంకె ఎగిరెగిరి పడుతోంది.

జవాబు:
నిమిషానికి 60 చుట్లంటే 10 మిల్లీసెకన్లకు 14 పల్సులే. ఒక్కటి అటూఇటూ అయినా 7 శాతం తేడా. 50కి పెంచితే 70 పల్సులు, తేడా ఒకటిన్నర శాతం లోపే. ఇంకా నెమ్మదిగా నడపాలంటే పల్సుల మధ్య కాలం కొలవాలి. అయితే పక్కపక్క పల్సులది కాదు, అయస్కాంతపు పలక మీద ధ్రువాలు సమంగా ఉండవు. 14 పల్సులు, అంటే మోటారు ఒక పూర్తి చుట్టు కాలం తీసుకోండి. ఇక పీ, ఐ చాలు. ఈ నాయిస్‌లో డీ వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

ఇంకొకరి ప్రశ్న:
ఇదే మోటారు ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపితే 34, 35 పిన్నుల్లో పల్సులే రావడం లేదు.

జవాబు:
34 నుంచి 39 దాకా ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటిలో లోపలి పుల్అప్ (పిన్నును పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) ఉండదు. కోడులో పుల్అప్ అని రాసినా పని జరగదు. 32, 33కి మార్చండి, లేదా ఒక్కో ఛానల్‌కు 10 కిలో ఓముల రెసిస్టర్ 3.3 వోల్టులకు కలపండి. ఎన్‌కోడర్ బోర్డు మీదే పుల్అప్ ఉంటే దానికి 5 వోల్టులు ఇవ్వొద్దు, అదే వోల్టేజీ 3.3 వోల్టుల పిన్నులోకి వస్తుంది.