మిక్సీ మోతకు చెవులు మూసుకునే పిల్లలు: ఇది ఉన్నోళ్ల రోగమేనా?

కొండాపూర్ అమ్మ:
మా నాలుగేళ్ల బాబు మిక్సీ వేస్తే చెవులు మూసుకుని బాల్కనీలోకి పరిగెడతాడు. చొక్కా లోపలి లేబుల్ కత్తిరిస్తే గానీ తొడుక్కోడు. శబ్దాలు, స్పర్శ అంటే అతి సున్నితం అన్నారు, ఆక్యుపేషనల్ థెరపీకి (రోజువారీ పనులు, ఆటలు ఇబ్బంది లేకుండా చేసుకునేలా ఇచ్చే శిక్షణ) తీసుకెళ్తున్నాం. "మా కాలంలో ఇవెక్కడివి, అపార్ట్‌మెంట్ రోగాలు" అన్నారు మా అత్తగారు. ఒళ్లు మండింది గానీ, సెంటర్‌లో చూస్తే అందరూ కార్లలో వచ్చేవాళ్లే. డబ్బున్న ఇళ్లలోనే ఇది ఎక్కువా?

రామంతాపూర్ సారు:
మీ అత్తగారి మాటే నిజం. ఏసీ గదిలో, మట్టి అంటకుండా పెంచితే అంతే. బస్తీ పిల్లలు డీజే పక్కనే గుర్రు పెట్టి నిద్రపోతారు. అంతా అలవాటు.

అంగన్‌వాడీ టీచర్:
సారూ, నిద్రవోయిన పోరగాళ్లనే సూసిన్రు మీరు. నిద్ర పట్టనోడు మా సెంటర్ల ఉన్నడు. బోనాలప్పుడు డప్పు సప్పుడు ఇని బియ్యం డ్రమ్ము ఎనక దూరిండు, గంటసేపు బయటికి రాలే. పప్పన్నం చేతికంటితే అంగికి తుడుస్తనే ఉంటడు. వాళ్లమ్మ ఇండ్లల్ల పనికి పోతది. మొండోడు అని రెండు ఏస్తది, ఆమెను ఏమంటం? ఒక్క రూముల ఐదుగురు, తలుపు తీస్తె రోడ్డు. మీ బాబు ఉరకనీకె బాల్కనీ ఉందమ్మా. వీడు యాడికి ఉరకాలె?

ఓటీ అక్క:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), చేసే పనే ఇది కాబట్టి చెప్తున్నా. మా దగ్గరికి కార్లలో వస్తున్నారంటే ఫీజు కట్టగలుగుతున్నారని అర్థం, అంతకుమించి ఏమీ తేలదు. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 7–11 ఏళ్ల పిల్లలు 925 మంది తల్లిదండ్రులను అడిగితే, కనీసం నాలుగు రకాల స్పర్శలో శబ్దాలో తమ పిల్లల్ని ఇబ్బంది పెడతాయని 16 శాతం మంది చెప్పారు. 2009లో వచ్చిన అధ్యయనం అది. అంటే ఇది అంత అరుదేం కాదు.

ఇక అలవాటు సంగతి. 1975లో న్యూయార్క్‌లో రైలు పట్టాల పక్కనున్న ఒక బడిని చూశారు. పట్టాల వైపు గదుల్లోని పిల్లలు, అదే బడిలో అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో వెనకబడ్డారు. ఈ సున్నితత్వం మీద చేసిన అధ్యయనం కాదు గానీ, రోజూ వినే మోతకు పిల్లలు అలవాటు పడిపోతారనే మాటకు మాత్రం జవాబే.

రామంతాపూర్ సారు:
తల్లిదండ్రులు చెప్పిందే లెక్కా? అయితే గూగుల్ చూసే అమ్మలే ఎక్కువ టిక్కులు పెడతారు.

ఓటీ అక్క:
పెట్టొచ్చు. పొద్దంతా పని చేసి అలసిపోయిన తల్లికి పిల్లాడి ఏడుపు ఇంకా పెద్దగా వినిపించి, ఆమే ఎక్కువ పెట్టొచ్చు కూడా. ప్రశ్నపత్రాలతో ఉన్న చిక్కే అది. అందుకే "డబ్బున్నోళ్ల పిల్లలకే" అని నేను ఒప్పుకోను. పేదరికమే దీన్ని తెస్తుందనీ అనను. ఒకే సున్నితత్వం ఒక ఇంట్లో థెరపీ ఫైలవుతుంది, ఇంకో ఇంట్లో వీపు మీద దెబ్బవుతుంది. తేడా నాకు అక్కడే కనిపిస్తోంది.

టీచర్ గారూ, ఇదొక్కటే ఉంటే ఆటిజం అనుకోకండి. మాట, ఆట ఎలా ఉన్నాయో కూడా చూడాలి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఒకసారి చూపించండి.

అంగన్‌వాడీ టీచర్:
మాట మంచిగనే ఉందక్కా. వాళ్లమ్మను అడుగుత. ఒక దినం పని బంద్ వెడితె ఆ ఇంటోళ్లు పైసలు కోస్తరు, గదీ సూడాలె. అందాక వాన్ని డప్పు సప్పుడు తక్కువుండే ఎనక రూముల కూసోవెడత.