అప్‌డేట్: మందసలో అల్లం మడికి సోకినది దుంపకుళ్ళే

మందస కొండవాలులోని మా అల్లం మడిలో ఆకులు పండిపోతున్నాయని, అది దుంపకుళ్ళా, బాక్టీరియా వడలు తెగులా తేలడం లేదని శ్రావణంలో అడిగాను. మీరు చెప్పినట్లే కాండాన్ని అడ్డంగా కోసి గాజు గ్లాసులోని తేటనీటిలో నిలిపి చూడగా, పాలదారాల వంటి స్రావం ఏమీ దిగలేదు (దిగితే అది బాక్టీరియా వడలు తెగులు); పైగా మొక్కను పట్టుకోగానే మొదలు మెత్తబడి ఊడి వచ్చింది, దుంప ముక్కిన వాసన కొట్టింది. అందుచేత పిథియం అనే శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే దుంపకుళ్ళేనని నిర్ధారించుకొని, తెగులు సోకిన దుబ్బులను మట్టితో సహా తీసివేసి, చుట్టుపక్కల మొదళ్ళు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోశాను. అన్నిటికంటే ముఖ్యంగా, నీరు నిలిచే పల్లపు వైపు కాలువ తీశాను. తెగులు అక్కడే మొదలైంది. ఇప్పుడు కొత్త దుబ్బులకు పాకడం లేదు. ఈ మడి దుంపను విత్తనానికి మాత్రం ఉంచను.